తెరచియుంచిన తలుపు

(మన పాఠశాల వార్షికోత్సవ సభయందు సంఘ సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠము)



 వార్షికోత్సవ సభలయందు ఉపన్యాసము దీర్ఘమైనకొలది పిల్లల చూపు తెరవెనుక సిద్ధమగుచున్న నాటకము వైపునకును, పెద్దల చూపు గడియారము వైపునకును పోవుట సహజము. కావున ఉపోద్ఘాతము పెంచక విషయమునకు వచ్చెదము.

నేడు మేము ఒక పరదేశి కథ చెప్పదలచితిమి. అతడు కవి కాడు, రాజకీయ నాయకుడు కాడు, ధర్మప్రచారకుడు కాడు. ఇరువదవ ఏట నియంతృత్వమునకు వెరచి, రాత్రివేళ కాలినడకను సరిహద్దు దాటి, తనకు అలవాటులేని దేశమున చదువుకొని, కంప్యూటరులకు మెదడువంటి చిప్పులను తయారుచేయు గొప్ప సంస్థకు అధిపతి యైనవాడు. అతని పేరు ఆండ్రూ గ్రోవు. మన సోలాపురమునకును అతనికిని ఏమి సంబంధమని మీరడుగవచ్చును. అతడు మన ఊరు చూచినవాడు కాడు; మన భాష విన్నవాడును కాకపోవచ్చును. ఐనను ఈ కథనే యెంచుకొనుటకు మాకొక కారణము కలదు. అది మేము చేసిన ఒక పొరపాటునకు సంబంధించినది. దానిని కథ ముగిసిన పిమ్మట మీ ముందు దాచక చెప్పెదము.

గ్రోవు హంగేరీ దేశ రాజధానియగు బుడాపెస్టు నగరమున 1936 సెప్టెంబరు 2వ తేదీన జన్మించెను. తలిదండ్రులు పెట్టిన పేరు ఆండ్రాష్ గ్రోఫ్. తండ్రి భాగస్వాములతో కలిసి పాల వ్యాపారము చేయుచుండెను. తిండికి బట్టకు లోటులేని కుటుంబమే; కాని వారు యూదులు. ఆ కాలమున ఆ దేశమున యూదుడుగా పుట్టుటయే నేరమువలె ఎంచబడుచుండెను. బాలునికి నాలుగవ ఏట స్కార్లెట్ జ్వరము వచ్చి, అది చెవులకు సోకి, వినికిడి చాల దెబ్బతినెను. ఒకనాడు ఉద్యానవనమున ఆడుకొనుచుండగా, తోడి బాలిక యొకతె యూదులందరిని డాన్యూబు నదిలో పారవేయుదురని అతనితో అనెను. బాలుడు ఏడ్చుచు తల్లియొద్దకు పరుగెత్తెను. ఆ బాలిక మాత్రము ఆ మాటను ఎక్కడ నేర్చినది? పెద్దలు ఇంటిలో పలికిన మాటను పిల్లలు వీథిలో పలుకుదురు. ఈ సంగతిని తల్లులు, తండ్రులు మనస్సున ఉంచుకొనవలెనని మనవి.

1942లో తండ్రిని నిర్బంధముగా పట్టుకొని, సైన్యము వెంట కూలిపనికి రష్యా యుద్ధరంగమునకు పంపిరి. 1944 మార్చిలో హిట్లరు సైన్యములు హంగేరీని ఆక్రమించెను. ఆ యేడు మే నెల నడుమనుండి జూలై మొదటి వారముల వరకు, రెండు నెలలైన నిండకముందే, ఆ దేశపు యూదులలో నాలుగు లక్షలకు పైగా జనులను రైలుపెట్టెలలో కుక్కి మృత్యుశిబిరములకు తరలించిరి. తల్లి మారు పేరు పెట్టుకొని, కుమారునికి మారు పేరు నేర్పి, పరుల ఇండ్లలో తలదాచుకొని అతనిని బ్రతికించుకొనెను. ఎనిమిదేండ్ల బాలుడు తన పేరు తాను మరచినట్లు నటింపవలసి వచ్చెను. యుద్ధము ముగిసి 1945లో తండ్రి తిరిగి వచ్చునప్పటికి ఎముకల గూడై యుండెను.

ఇక కష్టములు తీరినవని వారు తలచిరి. కాని నాజీలను తరిమిన సోవియట్ సైన్యము దేశమును విడిచి పోలేదు. కొలది యేండ్లలో రాకోషీ అను నాయకుని క్రింద ఏకపార్టీ నియంతృత్వము స్థిరపడెను. తండ్రి పాల వ్యాపారము ప్రభుత్వపరమయ్యెను. బంధువులలో ఒక పత్రికా రచయితను రహస్యపోలీసులు పట్టుకొనిపోయిరి. దాని ఫలితముగా తండ్రి ఉద్యోగమునకును ముప్పు వచ్చెను.

ఇచట విద్యార్థులు గమనింపదగిన విషయమొకటి కలదు. ఈ బాలునికి రచనయందు మక్కువ ఎక్కువ. యువకుల పత్రిక యొకదానికి వ్యాసములు పంపుచుండెను, అవి అచ్చగుచుండెను. బంధువు నిర్బంధింపబడిన పిమ్మట అతని వ్యాసములు అచ్చగుట మానెను. వ్యాసములో లోపము లేదు. వంశములో లోపము వెదకిరి. అప్పుడు అతడు ఆలోచించెను: పాలకుల ఇష్టాయిష్టములను బట్టి గుణదోషములు నిర్ణయమగు వృత్తి తనకు తగదు. రసాయనశాస్త్రమున ద్రావణము ఎఱ్ఱబడినచో ఎఱ్ఱబడినట్లే. ఏ అధికారియు దానిని నీలమని చెప్పించలేడు. ఇట్లు తలచి అతడు సాహిత్యమునుండి శాస్త్రమునకు మరలెను. నియంతృత్వమున మనుష్యుడు మాట మింగుకొనుటయే కాక, తనకు ఇష్టమైన విద్యను సైతము విడువవలసి వచ్చునని దీనివలన తెలియుచున్నది.

ఆ దినములలోనే అతని భౌతికశాస్త్రోపాధ్యాయుడు తలిదండ్రుల సమావేశమున ఒక మాట చెప్పెను. జీవితము పెద్ద సరస్సు వంటిదనియు, పిల్లలందరు ఒక గట్టున నీటిలో దిగి ఈదుటకు మొదలిడుదురనియు, ఆవలి గట్టునకు అందరు చేరజాలరనియు, ఈ బాలుడు మాత్రము చేరునని తనకు నమ్మకమనియు ఆ మాటల భావము. అర్ధశతాబ్ది గడచిన పిమ్మట, 2001లో గ్రోవు తన బాల్యస్మృతులను ప్రకటించినపుడు, ఆ పుస్తకమునకు ఆ మాటనుండియే పేరు పెట్టుకొనెను. ఉపాధ్యాయులారా! మీరు తరగతిలో యథాలాపముగా పలికిన మాట యేది ఏ విద్యార్థి హృదయమున యాభై యేండ్లు నిలుచునో మీకును తెలియదు.

1956 అక్టోబరు 23వ తేదీన బుడాపెస్టు వీథులలో విద్యార్థులు, కార్మికులు స్వేచ్ఛ కొరకు ఊరేగిరి. కొలది దినములు ఆ దేశము స్వాతంత్ర్యపు గాలి పీల్చెను. నవంబరు 4వ తేదీ తెల్లవారుజామున సోవియట్ యుద్ధశకటములు తిరిగి నగరమున ప్రవేశించి ఆ తిరుగుబాటును అణచివేసెను. ఆ నవంబరు 1వ తేదీనే మన దేశమున భాషాప్రాతిపదికను రాష్ట్రములు పునర్విభజింపబడి, ఆంధ్రప్రదేశము అవతరించినది. ఒకే వారమున ఒక దేశమున ప్రజల భాషను బట్టి సరిహద్దులు గీయబడుచుండగా, మరియొక దేశమున ప్రజలు సరిహద్దును దాటి ప్రాణములతో పారిపోవుచుండిరి. హంగేరీనుండి అట్లు వెడలిపోయినవారు సుమారు రెండు లక్షలు.

ఆండ్రాష్‌కు అప్పుడు ఇరువది యేండ్లు. విశ్వవిద్యాలయమున రసాయనశాస్త్రము చదువుచుండెను. వీథులలో యువకులను పట్టుకొనుచున్నారని వార్త వచ్చెను. అతని మేనత్త వరుసయగు ఒక పెద్దావిడ ఆష్విట్జ్ మృత్యుశిబిరమునుండి బ్రతికి బయటపడినది. ఆమె వచ్చి, నీవు వెళ్లవలెను, ఇప్పుడే వెళ్లవలెనని ఖండితముగా చెప్పెను. ఒక్కడే కుమారుడు. తలిదండ్రులు అడ్డు చెప్పలేదు. అతడు స్నేహితులతో కలిసి రైలెక్కి కొంత దూరము పోయి, మిగిలిన దారిని రాత్రి చీకటిలో బురదపొలములకు అడ్డముపడి నడచి ఆస్ట్రియా భూమిపై కాలు మోపెను. చేత ధనము లేదు. తలలోనున్న రసాయనశాస్త్రమును మాత్రము ఏ కావలివాడును సోదాచేసి తీసికొనలేకపోయెను.

ఆస్ట్రియాలో శరణార్థులకు సాయపడు అంతర్జాతీయ సంఘమొకటి అతనిని ఆదుకొనెను. యుద్ధకాలమున సైనికులను మోసిన పాత నౌకయొకటి ఎక్కి, 1957 జనవరి 7వ తేదీన అతడు న్యూయార్కు రేవున దిగెను. అచట బ్రాంక్సు పేటలో పినతండ్రి వరుసవారి చిన్న ఇంటిలో చోటు దొరికెను. ఆ సంఘమే అతనికి వినికిడి యంత్రము కొనిపెట్టెను. ఇక చదువు మాట. అమెరికాలో కళాశాల చదువునకు ధనము కావలెను. ఆ ఇంటిలో ధనము లేదు. కాని న్యూయార్కు నగరమున సిటీ కాలేజి యను ప్రభుత్వ కళాశాల యొకటి కలదు. ఆ రోజులలో అచట జీతము పుచ్చుకొనకయే విద్య చెప్పుచుండిరి. దేశదేశములనుండి వచ్చిన బీద కుటుంబముల పిల్లలకు తరతరములుగా అదియే మెట్టు. ఆండ్రాష్ అచట రసాయన ఇంజనీరింగు తరగతిలో చేరెను.

అతని ఇబ్బందులు ఆలోచింపుడు. భాష క్రొత్తది. చెవి సరిగా వినబడదు. ఉపాధ్యాయుడు బల్లవైపు తిరిగి మాటలాడినచో ఒక్క ముక్కయు తెలియదు. ముఖము చూచి, పెదవుల కదలిక బట్టి గ్రహింపవలెను. పగలు వినలేకపోయినదానిని రాత్రి పుస్తకములు ముందుంచుకొని పూరించుకొనుచుండెను. అతని పేరును అచటివారు తప్పుగా పలుకుచుండుటచే ఆండ్రూ గ్రోవు అని మార్చుకొనెను. పేరు మారినను యాస మారలేదు. కడవరకు అతని ఇంగ్లీషులో హంగేరీ యాస వినబడుచునే యుండెను. అది అతని పనికి అడ్డు రాలేదు. వేసవి సెలవులలో ఒక విడిదిలో వడ్డన పని చేయుచు, తనవలెనే శరణార్థియగు ఈవా యను యువతిని చూచి 1958లో వివాహము చేసికొనెను. 1960లో తరగతిలో ప్రథముడుగా పట్టము పొందెను. శరణార్థి యువకుడొకడు ఇంజనీర్లలో మొదటివాడైనాడని న్యూయార్కు టైమ్సు పత్రిక వార్త ప్రకటించెను. దేశమున దిగి మూడున్నర యేండ్లు మాత్రమే యైనది! పిమ్మట కాలిఫోర్నియాకు పోయి బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 1963లో డాక్టరు పట్టమును పుచ్చుకొనెను. కొంతకాలమునకు తలిదండ్రులను సైతము తనయొద్దకు పిలిపించుకొనెను.

ఆ యేడే ఫేర్‌చైల్డ్ సెమికండక్టర్ అను సంస్థలో పరిశోధకుడుగా చేరెను. అచట తీరని చిక్కు ఒకటి కలదు. సిలికాను పలకపై పలుచని ఆక్సైడు పొర పెంచి ట్రాన్సిస్టరులు చేయుచుండిరి. చేసిననాడు బాగుగనే పనిచేసినవి కొలది దినములకు గుణము మార్చుకొనుచుండెను. గ్రోవు, మరి యిద్దరు సహచరులు కారణము వెదకిరి. అది సోడియము. ఉప్పులోను, మనుష్యుని చేతి చెమటలోను ఉండు సోడియమే! కంటికి కనబడని లేశమాత్రపు సోడియము ఆక్సైడు పొరలో చేరి అటునిటు కదలుచు ట్రాన్సిస్టరును చెరచుచుండెను. దానిని చేరనీయని శుభ్రతయే నేటి చిప్పుల పరిశ్రమకు పునాది యయ్యెను. మన మగ్గపు పనిలోనివారికి ఇది విడమరచి చెప్పనక్కరలేదు. ఒక్క పోగు తెగినదానిని చూడక విడిచినచో బట్టయంతయు లోపమగునని వారెరుగుదురు.

1968లో రాబర్టు నాయిసు, గోర్డను మూరు అను ఇద్దరు శాస్త్రజ్ఞులు ఫేర్‌చైల్డును విడిచి ఇంటెల్ అను క్రొత్త సంస్థను స్థాపించిరి. వారివెంట మొట్టమొదట వచ్చి చేరినవారిలో గ్రోవు ఒకడు. వారిరువురు ముందుచూపు కలవారు. ఆ ఆలోచనలను వేళకు, లెక్కకు, నాణ్యమునకు కట్టుబడి వస్తువులుగా మార్చు భారము గ్రోవుపై పడెను. మొదట ఆ సంస్థ కంప్యూటరులకు జ్ఞాపకశక్తి నిచ్చు మెమరీ చిప్పులు చేసెను. 1971లో 2300 ట్రాన్సిస్టరులు గల 4004 అను చిన్న ప్రాసెసరును విపణిలోనికి తెచ్చెను. గణనయంత్రపు మెదడంతయు ఒక్క చిప్పునందు ఇముడుటకు అది నాంది.

ఆ యేడే గ్రోవు ఒక నియమము పెట్టెను. ఉదయము 8 గంటల 5 నిమిషములు దాటి వచ్చిన ఉద్యోగి, ఎంతటివాడైనను, ఆలస్యపు పట్టికలో సంతకము చేయవలెను. తాను ఆలస్యముగా వచ్చిననాడు తానును సంతకము చేసెను. పై పదవికి వచ్చిన పిమ్మటను అతనికి ప్రత్యేకమగు గది లేదు. అందరివలె పొట్టి అడ్డుగోడల నడుమ బల్ల వేసికొని కూర్చుండెను. వాదించునపుడు కటువైనవాడు; ఎవరు చెప్పిరని కాక, లెక్క సరియా కాదా యని అడుగువాడు. పాలకుని మాటయే సత్యమనిపించిన దేశమునుండి వచ్చినవానికి అది సహజమే. విద్యార్థులారా! ప్రార్థనకు ఆలస్యముగా వచ్చినపుడు గుమాస్తాగారు పేరు వ్రాసికొనినచో కోపగింపకుడు. మీరు మంచివారి వరుసలోనే యున్నారు!

1979లో గ్రోవు ఇంటెల్‌కు ప్రెసిడెంటు అయ్యెను. అటుపిమ్మట గొప్ప పరీక్ష వచ్చెను. జపాను దేశపు కంపెనీలు మెమరీ చిప్పులను మరింత నాణ్యముగా, చవుకగా చేసి విపణిని ఆక్రమించినవి. ఇంటెల్ నష్టములలో కూరుకొనిపోవుచుండెను. ఐనను, మెమరీ చిప్పులతోడనే పుట్టిన సంస్థ వానిని విడుచుట యెట్లని అందరు తర్కించుచుండిరి. 1985లో ఒకనాడు గ్రోవు మూరును ఇట్లు ప్రశ్నించెను: డైరెక్టర్లు మనలను తొలగించి క్రొత్త అధిపతిని తెచ్చినచో అతడేమి చేయును? మెమరీ వ్యాపారమును మానివేయునని మూరు తడుముకొనక చెప్పెను. ఐనచో మనమే తలుపు బయటకు పోయి, తిరిగి లోనికి వచ్చి, ఆ పని యేల చేయరాదని గ్రోవు అడిగెను. వారట్లే చేసిరి. సంస్థ ప్రాసెసరులవైపు మరలెను.

ఈ నిర్ణయము సుఖముగా జరిగినదని మేము చెప్పము. కర్మాగారములు మూతబడెను; వేలాది ఉద్యోగులు పని పోగొట్టుకొనిరి; 1986లో సంస్థకు 17 కోట్ల 30 లక్షల డాలర్ల నష్టము వచ్చెను. మిల్లులు మూతబడిననాటి ఆకలి మన ఊరివారికి తెలియనిది కాదు. కావున ఇట్టి కథలలో గెలిచినవానిని పొగడునపుడు, పనిపోయినవానిని మరచుట న్యాయము కాదు. ఐనను నిర్ణయము ఆలసించినచో అందరి పనియు పోయెడిది. ఇరువదవ ఏట ఇల్లు, దేశము విడిచి వచ్చినవాడు కావుననే, ప్రాణప్రదమైన వ్యాపారమును సైతము విడువగలిగెనని మాకు తోచును.

1987లో గ్రోవు ఆ సంస్థకు ముఖ్యాధికారి యయ్యెను. ఆ యేడు ఇంటెల్ రాబడి సుమారు 190 కోట్ల డాలర్లు. పదియేండ్లకు, 1997లో, అది 2500 కోట్ల డాలర్లు. ఈ నడుమ అతడు పొరపాటు చేయలేదా? చేసెను. 1994లో పెంటియం అను ప్రసిద్ధమగు చిప్పులో భాగహారమునందు లోపము కలదని గణితాధ్యాపకుడొకడు కనిపెట్టెను. అట్టి తప్పు సామాన్యునికి ఏ వేలాది యేండ్లకో ఒకమారు ఎదురగునని సంస్థ వాదించి, అవసరమని రుజువుచేసిన వారికే మార్చి యిత్తుమనెను. ప్రజలకు కోపము వచ్చెను. కడకు ఆ డిసెంబరులో, అడిగిన ప్రతివానికి ఉచితముగా మార్చి యిచ్చుటకు గ్రోవు ఒప్పుకొనెను. దానికి 47 కోట్ల 50 లక్షల డాలర్లు ఖర్చయ్యెను. లెక్క ప్రకారము తనది ఒప్పేయైనను, నమ్మినవాని యెడల అది తప్పగునని అతడు ఆలస్యముగా నేర్చుకొనెను. 1997లో టైమ్ పత్రిక అతనిని ఆ సంవత్సరపు విశిష్ట పురుషునిగా ఎన్నుకొనెను.

కాన్సరు, పార్కిన్‌సన్ వ్యాధులు అతనిని బాధించినవి. వాని చికిత్సలను గూర్చి చదివి, వ్రాసి, పరిశోధనలకు ధనమిచ్చెను. 2016 మార్చి 21వ తేదీన 79వ ఏట కన్నుమూసెను. అంతకుముందు 2005లో అతడు చేసిన దానమొకటి మేము ముఖ్యముగా చెప్పవలెను. జీతము పుచ్చుకొనకుండ తనకు విద్య చెప్పిన ఆ సిటీ కాలేజికే 2 కోట్ల 60 లక్షల డాలర్లు ఇచ్చెను. అచటి ఇంజనీరింగు విభాగము నేడు అతని పేరనే యున్నది. తనకు సాయపడిన శరణార్థి సంఘమును గూడ అతడు మరువలేదు. ఏ తలుపుగుండ లోనికి వచ్చెనో, ఆ తలుపు మూసికొనిపోకుండ తన చేయి అడ్డుపెట్టెనన్నమాట.

మహాశయులారా! ఇట్టి జీవితమును చెప్పునపుడు పట్టుదల యున్నచో ఎవడైనను పైకి రావచ్చునని ముగించుట పరిపాటి. అది సగము సత్యము. గ్రోవునకు పట్టుదల కలదు. దానిని తగ్గించి చెప్పుట మా ఉద్దేశము కాదు. కాని దారి పొడుగునను చూడుడు: దాచిన పొరుగువారు, వెళ్లుమన్న మేనత్త, నమ్మిన ఉపాధ్యాయుడు, యంత్రము కొనిపెట్టిన సంఘము, మంచమునకు చోటిచ్చిన బంధువు, జీతమడుగని కళాశాల. వీరిలో ఏ ఒక్కరు తలుపు మూసినను ఆ పట్టుదల ఆ గడప బయటనే నిలిచిపోయెడిది. ఆనాడు సరిహద్దు దాటిన రెండు లక్షలమందిలో అందరు గ్రోవులు కాలేదు. కాని ఎవడు కాగలడో ముందుగా తెలిసికొని తలుపు తెరచుటకు వీలులేదు. అందరికి తెరచినప్పుడే ఒకడు గ్రోవు అగును. తక్కినవారు గౌరవముగా బ్రతుకుదురు. ఈ రెండవది మొదటిదానికంటె చిన్న ఫలితము కాదు.

ఇప్పుడు మన సంగతి. మన పెద్దలు ఈ ఊరికి ఎట్లు వచ్చిరి? కరవునకు, అప్పులకు తాళలేక తెలంగాణపు పల్లెలనుండి మగ్గము నమ్ముకొని వచ్చినవారు ఎక్కువ. 1947, 48 సంవత్సరములలో రజాకార్ల దౌర్జన్యమునకు భయపడి నిజాము రాజ్యపు సరిహద్దు దాటి ఇటు వచ్చినవారును కలరు. 1948 సెప్టెంబరులో భారత సైన్యము హైదరాబాదువైపు బయలుదేరినది ఈ సోలాపురమునుండియే గదా! ఆనాడు ఈ నేలవారు మనలను మీ భాష యేమి, మీ కాగితములేవి అని అడిగి వెనుకకు త్రోసియుండినచో, నేడు ఈ పందిరి లేదు, ఈ పాఠశాల లేదు. భాషాల్పసంఖ్యాకులు తమ విద్యాలయములను స్థాపించి నడుపుకొనుటకు రాజ్యాంగము 30వ అధికరణమున హక్కునిచ్చినది. పసిపిల్లలకు మాతృభాషలో ప్రాథమిక విద్య చెప్పించుటకు తగిన ఏర్పాట్లు చేయుడని 1956లో చేర్చిన 350-ఏ అధికరణము రాష్ట్రములను కోరుచున్నది. మన బడి మన కష్టముతో నిలిచినది. ఇతరులు తెరచియుంచిన తలుపుగుండ వచ్చి నిలిచినది. రెండును నిజమే.

ఇక మా పొరపాటు. క్రిందటి యేడు దీపావళి వెళ్లిన పిమ్మట, మరమగ్గముల పనికై క్రొత్తగా వచ్చిన ఒక కుటుంబము తమ కుమారుని తొమ్మిదవ తరగతిలో చేర్చుకొనుడని మన కార్యాలయమునకు వచ్చినది. వెనుకటి బడినుండి తేవలసిన సర్టిఫికెటు వారియొద్ద లేదు. బాలునికి మరాఠీ రాదు; అతని తెలుగు మన పిల్లల తెలుగువలె లేదు. ఆ పూట బల్లయొద్ద కూర్చున్నది మేమే. బడి సగము సాగినదనియు, కాగితములు లేవనియు, జూనులో రమ్మనియు చెప్పి పంపితిమి. తండ్రి మారుమాటాడక నమస్కరించి వెళ్లెను. నియమము ప్రకారము మేము చేసినది తప్పు కాదు. జూను వచ్చినది, బాలుడు రాలేదు. విచారింపగా, ఆ ఆరు నెలలు అతడు కండెలు చుట్టుచు గడపెననియు, పిమ్మట కుటుంబము భీవండికి తరలిపోయెననియు తెలిసినది. ఆ బాలుడు ఎవడు కావలసినవాడో మాకు తెలియదు. గొప్పవాడే యగునని మేము చెప్పుట లేదు. పదవ తరగతి చదివి తన పేరున తాను ఉత్తరము వ్రాసికొనువాడైనను చాలునుగదా! ఆ పాటిదానికి మేము అడ్డుపడితిమి. అప్పటినుండి ఆ తండ్రి నమస్కారము మాకు గుర్తు వచ్చుచునే యున్నది.

కావున ఈ సభాముఖమున మూడు మనవులు చేసికొనుచున్నాము. వచ్చే నెల కార్యవర్గ సమావేశమున, నడియేడు వచ్చు పిల్లలకు ప్రతి తరగతిలోను రెండు స్థానములు విడిచియుంచవలెనను తీర్మానము రానున్నది. స్థలము చాలదని, ఫలితముల శాతము తగ్గునని కొందరు పెద్దలు సందేహించుచున్నారు. వారి సందేహము నిర్లక్ష్యము చేయదగినది కాదు. క్రిందటి యేడు మేమును ఆ పక్షమునే యుంటిమి. నేడు ఆ పక్షమును విడిచితిమి. కాగితములు వెనుక రావచ్చును, బాలుడు ముందు కూర్చుండవలెనని మా ప్రార్థన. ఈ బడిలో చదివి ఉద్యోగములలో, వ్యాపారములలో స్థిరపడిన పూర్వవిద్యార్థులకు రెండవ మనవి: సాయంకాలపు తరగతి చెప్పు ఉపాధ్యాయుని జీతమునకు మీరు పూనుకొనుడు. కోట్లు అక్కరలేదు; ఎక్కిన మెట్టును ఒకమారు తుడిచి పొండు. మూడవ మనవి విద్యార్థులకు. క్రొత్తగా వచ్చినవాని యాస విని నవ్వకుడు. మీ తాతగారి యాసయు ఒకప్పుడు ఈ ఊరివారికి నవ్వు పుట్టించినదే. బల్లపై కొంచెము జరిగి చోటిండు. నోటుపుస్తకము చూపుడు. చెవి సరిగా వినబడని బాలుడెవడైనను వెనుక బల్లపై యున్నచో, చేయి పట్టుకొని ముందు బల్లకు తీసికొనిరండు.

 బహుమతులు పొందనున్న చిరంజీవులకు మా ఆశీస్సులు. పొందనివారికి అంతకంటె ఎక్కువ ఆశీస్సులు. ఆ బాలుని జాడ తెలిసినవారెవరైనను ఈ సభలో ఉన్నచో, సభ ముగిసిన పిమ్మట మాతో చెప్పుడు. భీవండి ఎంతో దూరము కాదు. మేము వెళ్లి పిలిచెదము.